టంకశాల పొరపాటా? తరవాత తగిలిన దెబ్బా?

పిల్లలూ, ఈ వ్యాసం మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని చేయండి. ఇంట్లో చిల్లర వేసే డబ్బాలోంచి ఒక పది నాణేలు తెచ్చి బల్ల మీద వరుసగా పేర్చండి. (ఇంట్లో వాళ్ళను అడిగి తెచ్చుకోవాలి సుమా!) ఈ రోజుల్లో కొట్లలో ఫోనుతోనే డబ్బు చెల్లిస్తున్నారు గనుక చిల్లర కొంచెం తక్కువగా దొరకవచ్చు. అయినా పది నాణేలకు లోటుండదు. ఇప్పుడు వాటిని కిటికీ దగ్గర, వెలుతురు పక్కనుంచి పడేటట్లు పట్టుకుని ఒక్కొక్కటే చూడండి.

ఒకదాని మీద గీత వుంటుంది. ఒకదాని అంచు నొక్కుకుపోయి వుంటుంది. ఒకదానిలో ఏదో ఒక అక్షరం సగమే కనిపిస్తుంది. ఇంకొకదాని మీద అంకె పక్కన చిన్న బుడిపె వుంటుంది. వీటిలో ఏది టంకశాలలోనే జరిగిన పొరపాటు? ఏది బయటికి వచ్చిన తరవాత తగిలిన దెబ్బ?

తరగతిలో నేను ఈ ప్రశ్న వేస్తే పిల్లలు ఎదురు ప్రశ్న వేస్తారు: "సార్, దీనికి ఎంత వస్తుంది?" తప్పు వాళ్ళది కాదు. ఫలానా నాణెం ఇంట్లో వుంటే లక్షాధికారులు కావచ్చునని చెప్పే వీడియోలు వాళ్ళు రోజూ చూస్తున్నారు. ఐతే నా అభిప్రాయం వేరు. విచిత్రమైన నాణెం చేతికి రాగానే అడగవలసిన మొదటి ప్రశ్న "ఎంత?" కాదు, "ఎలా?". ఇది ఎలా జరిగింది? టంకశాలలో ఏ మెట్టు దగ్గర, ఏ యంత్రం కింద జరిగివుంటుంది? దీనికి జవాబు చెప్పగలిగితేనే అది పొరపాటు అనాలి. చెప్పలేకపోతే, చెప్పగలిగేదాకా దెబ్బ అనే అనుకోవాలి. ఈ నియమం పాటించక నేనే ఒకసారి బోల్తా పడ్డాను. ఆ సంగతి తరవాత చెబుతాను. ముందు నాణెం ఎలా పుడుతుందో చూద్దాం.

కోత, గట్టు, ముద్ర

మన దేశంలో నాణేలు నాలుగు చోట్ల తయారవుతాయి: ముంబయి, కోల్‌కతా, హైదరాబాదు, నోయిడా. హైదరాబాదు టంకశాల నిజాముల కాలం నాటిది. 1997లో అది సైఫాబాదు నుంచి చర్లపల్లికి మారింది. ఇప్పటి నాణేల మీద సంవత్సరం కింద చూడండి. చిన్న నక్షత్రం వుంటే అది హైదరాబాదుది. డైమండు ఆకారం వుంటే ముంబయిది. చుక్క వుంటే నోయిడాది. ఏమీ లేకపోతే? "గుర్తు వేయడం మరచిపోయారు, ఇది పొరపాటు నాణెం!" అని ఎగిరి గంతెయ్యకండి. కోల్‌కతా టంకశాల అసలు గుర్తే వేయదు.

నాణెం తయారీలో మొదట లోహాన్ని పొడుగాటి పట్టీగా సాగదీస్తారు. పెద్ద చపాతీ ఒత్తి, దాని మీద గ్లాసు బోర్లించి చిన్న చిన్న పూరీలు కోస్తారు చూశారా? అలాగే యంత్రం ఆ పట్టీలోంచి గుండ్రని బిళ్ళలు కోస్తుంది. ఇది కోత. బిళ్ళలను వేడిచేసి మెత్తపరిచి, కడిగి ఆరబెడతారు. తరవాత మరో యంత్రం ఆ బిళ్ళను అంచుల మీద నొక్కుతూ దొర్లిస్తుంది. అప్పుడు పొలం చుట్టూ వేసినట్లు బిళ్ళ చుట్టూ చిన్న గట్టు లేస్తుంది.

ఆఖరున ముద్ర. కింద ఒక అచ్చు, పైన ఒక అచ్చు, చుట్టూ ఒక ఉక్కు కడియం వుంటాయి. బిళ్ళ ఆ కడియంలో కూర్చోగానే టన్నుల కొద్దీ బలంతో రెండు అచ్చులూ దాన్ని నొక్కుతాయి. బొమ్మ, బొరుసు రెండూ ఒక్క దెబ్బతో పడతాయి. ఆ ఒత్తిడికి లోహం పక్కలకు పారబోతుంది. కడియం దాన్ని ఆపుతుంది. అంచేతనే ఒక రకం నాణేలన్నీ ఒకే వ్యాసంతో వుంటాయి. ఇదంతా నిమిషానికి వందల సార్లు జరుగుతుంది. అంత వేగంలో ఎప్పుడో ఒకసారి పొరపాటు జరగడంలోనూ, దాన్ని తనిఖీ చేసేవాళ్ళ కన్ను దాటి అది మన జేబులోకి రావడంలోనూ వింత ఏమీ లేదు.

కోత, గట్టు, ముద్ర: ఈ మూడు మాటలు గుర్తుపెట్టుకుంటే సగం పని అయినట్లే.

ఉబ్బెత్తా, పల్లమా?

నాణెం మీద గీత కనబడింది. అది పొరపాటా, దెబ్బా? అచ్చును తలచుకోండి. నాణెం మీద ఉబ్బెత్తుగా కనిపించే బొమ్మ అచ్చులో పల్లంగా చెక్కి వుంటుంది. లక్షల నాణేలు కొట్టీ కొట్టీ అచ్చు బీటవేస్తే, ఆ బీట కూడా పల్లమే. నొక్కినప్పుడు లోహం ఆ బీటలోకి ఎక్కుతుంది. అంచేత అచ్చు పగులు వల్ల వచ్చే గీత నాణెం మీద పైకి లేచి వుంటుంది. అచ్చు అంచున ఒక ముక్కే విరిగిపోతే, నాణెం అంచున రూపం లేని గడ్డ ఒకటి తయారవుతుంది.

మేకు గీసుకుపోయినా, తాళంచెవి ఒరుసుకుపోయినా గీత పల్లంగా వుంటుంది. ఒక్కోసారి గాడి పక్కన కాస్త లోహం ఒరిగి లేచి వుండవచ్చు. కాని దాని పక్కనే గాడి వుండి తీరుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. మన కళ్ళు మోసం చేస్తాయి. వెలుతురు పైనుంచే వస్తుందని మెదడుకు అలవాటు. అది కింది వైపు నుంచి పడితే గుంట గడ్డలాగా, గడ్డ గుంటలాగా కనిపిస్తుంది. ఫోటోల్లో వెలుతురు ఎటునుంచి పడిందో తెలియదు గనుక మోసం ఇంకా ఎక్కువ. అంచేత నాణేన్ని వెలుతురులో నెమ్మదిగా తిప్పుతూ చూడండి. గోరుతో మెల్లగా తడమండి. గోరు గీతలోకి దిగితే పల్లం, గీతనెక్కి దిగితే ఉబ్బెత్తు.

అక్షరం సగమే పడిందనుకోండి. అచ్చులోని పల్లంలో జిడ్డూ దుమ్మూ పేరుకుంటే లోహం అందులోకి ఎక్కక అక్షరం మసకగా పడుతుంది. అలాంటప్పుడు చుట్టూ వున్న నేల మామూలుగానే నున్నగా వుంటుంది. ఎవరైనా ఆకురాయితో అక్షరాన్ని చెరిపివేసి వుంటే భూతద్దంలో సన్నని గీతలు దొరికిపోతాయి.

మూడు చిక్కు నాణేలు

అంచు దగ్గర నెలవంక ముక్క తరిగిపోయిన నాణెం మీకు దొరికిందనుకుందాం. పట్టీ సరిగా జరగకపోతే, కోత యంత్రం అంతకు ముందు కోసిన రంధ్రం మీదికే కొంత వచ్చి కోస్తుంది. అప్పుడు ఇలాంటి బిళ్ళ వస్తుంది. బయట కత్తిరించినా ఇలాగే కనిపిస్తుంది. తేడా ఎలా? తరిగిన చోటు చూడకండి, దానికి సరిగ్గా ఎదుటి అంచు చూడండి. తరిగిన బిళ్ళ గట్టు యంత్రంలో దొర్లేటప్పుడు, తరిగిన చోటు యంత్రానికి తగలదు. ఆ క్షణంలో ఎదుటివైపు కూడా ఒత్తిడి వుండదు. రెండు అరచేతుల మధ్య లడ్డూ చుడుతూ ఒక చెయ్యి తీసేస్తే రెండో చెయ్యి నొక్కలేదు గదా! అంచేత టంకశాలలో తరిగిన నాణేలకు చాలావరకు ఎదుటివైపు గట్టు బలహీనంగా వుంటుంది. కత్తెర పట్టుకున్నవాడికి ఈ సంగతి తట్టదు.

రెండోది, ముద్ర పక్కకు ఒరిగిపడిన నాణెం. బిళ్ళ కడియంలో సరిగా కూర్చోకపోతే ఒకవైపు ముద్ర పడక ఖాళీగా వుంటుంది. కడియం ఆపలేదు గనుక నాణెం మామూలుకన్న వెడల్పుగా సాగుతుంది. రైలు పట్టా మీద నలిగిన నాణెం కూడా వెడల్పుగానే వుంటుంది. కాని అందులో అక్షరాలు సైతం సాగి పలచబడివుంటాయి. టంకశాల పొరపాటులో ఖాళీ ఖాళీగానే వున్నా, పడినంతమేర అక్షరాలు తమ రూపంలోనే నిలుస్తాయి. (ఇది చదివి రైలు పట్టాల దగ్గరకు పోయేరు! అది ప్రాణాల మీదికి వచ్చే పని. పైగా 2011 నాటి నాణేల చట్టం ప్రకారం నాణేలను కరిగించడం, నాశనం చేయడం నేరం.)

మూడోది మరీ విచిత్రం. ఒకవైపు ముద్ర మామూలుగా వుంటుంది. రెండోవైపు అదే ముద్ర అద్దంలో చూసినట్లు తిరగబడి, పల్లంగా వుంటుంది. ముద్ర పడిన నాణెం ఊడిపోకుండా పై అచ్చుకు అతుక్కుపోతే, తరవాతి బిళ్ళ మీద అచ్చుకు బదులు ఆ నాణెమే పడుతుంది. అప్పుడు ఇలా జరుగుతుంది. దీన్ని బయట కూడా చేయవచ్చు. రెండు నాణేలను కలిపి లేతు పనివాళ్ళ వైసులో బిగిస్తే చాలు, ఒకదాని ముద్ర రెండోదానిలో దిగుతుంది. కాని అలా నొక్కిన నాణెం మీద దాని సొంత ముద్ర కూడా నలిగిపోయి కనిపిస్తుంది. నిజమైన పొరపాటులో ఆ వైపు వేరే ముద్ర పడనే లేదు. లేనిది నలగడమెలా?

ఏది సాధ్యం, ఏది అసాధ్యం?

పుస్తకం పేజీ తిప్పినట్లు ఒక రూపాయి బిళ్ళను తిప్పి చూడండి. మన నాణేల్లో బొమ్మ నిటారుగా వుంటే బొరుసు కూడా నిటారుగా వుండాలి. వెనకవైపు ఒరిగివుంటే ఒక అచ్చు దాని పీఠంలో కాస్త తిరిగిపోయిందన్నమాట. జేబులో తగిలే ఏ దెబ్బా రూపాయి బిళ్ళలో ఈ మార్పు తేలేదు. ఇది టంకశాలలోనే జరగాలి.

ఇప్పుడు పదిరూపాయల బిళ్ళ తీసుకోండి. సింహాల బొమ్మ పక్కకు ఒరిగింది, చుట్టూ అంచున వున్న దేశం పేరు మాత్రం సరైన చోటనే వుంది. మా తరగతిలో ఒక కుర్రవాడు అలాంటిది తెచ్చి "సార్, ఇది కూడా పొరపాటే గదా!" అన్నాడు. ఆలోచించండి. ఈ నాణెంలో నడిమి బిళ్ళ, చుట్టూ వున్న చక్రం విడివిడిగా తయారై, ముద్ర పడే దెబ్బతోనే ఒకదానిలో ఒకటి బిగుసుకుంటాయి. రెండింటి మీదా ముద్ర వేసింది ఒకే అచ్చు, ఒకే దెబ్బ. అచ్చులో నిటారుగా వున్న సింహాలు నాణెం మీద మాత్రం ఎలా ఒరుగుతాయి? ముద్ర పడ్డాక ఎవరో నడిమి బిళ్ళను ఊడగొట్టి మళ్ళీ దిగగొట్టారు. రూపాయి బిళ్ళలో దెబ్బకు సాధ్యం కానిది, పదిరూపాయల బిళ్ళలో దెబ్బ వల్లనే సాధ్యం. తయారీ తెలిస్తేనే ఈ తేడా తెలుస్తుంది.

పదిరూపాయల బిళ్ళ సంగతి వచ్చింది గనుక ఇంకొక మాట. గుర్తులు తేడాగా వున్నాయని కొన్ని కొట్లలో వీటిని తీసుకోరు. 14 నమూనాల పదిరూపాయల నాణేలు విడుదలయ్యాయనీ, అన్నీ చెల్లుతాయనీ రిజర్వు బ్యాంకు 2018 జనవరిలో ప్రకటించింది. నమూనా వేరైతే అది పొరపాటూ కాదు, దొంగ నాణెమూ కాదు.

నేను బోల్తా పడిన కథ

నా దగ్గర 1998 నాటి రూపాయి బిళ్ళ ఒకటి వుంది. పలచగా వుంటుంది. ఆ కాలపు రూపాయి 25 మిల్లీమీటర్ల వ్యాసం, 4.85 గ్రాముల బరువు. నాది 3.7 గ్రాములే తూగింది. "పట్టీ పలచగా సాగింది, పలచని బిళ్ళ తెగింది" అని నేను తీర్మానించుకున్నాను. ఏళ్ళ తరబడి దాన్ని తరగతిలో చూపించి, ఇదుగో టంకశాల పొరపాటు అని చెబుతూ వచ్చాను.

ఒకసారి తొమ్మిదో తరగతిలో వెర్నియర్ కాలిపర్సు పాఠం జరుగుతూ వుంటే ఒక అమ్మాయి ఆ నాణేన్ని కొలిచింది. 2.47 సెంటీమీటర్లు వచ్చింది. అదే సంవత్సరం రూపాయిలు మరో రెండు కొలిచింది. రెండూ 2.50 వచ్చాయి. "సార్, పలచని బిళ్ళ అయితే మందం తగ్గాలి గాని వ్యాసం ఎందుకు తగ్గింది?" అంది.

"పలచని బిళ్ళ గనుక లోహం చాలక కడియం దాకా పారలేదేమో" అన్నాను.

"అలాగైతే అక్షరాలు కూడా సరిగా పడకూడదు గదా సార్. ఇవి పక్క నాణెంలో ఉన్నంత ఎత్తుగానే వున్నాయి. కొంచెం మొద్దుబారాయి, అంతే."

నా దగ్గర జవాబు లేదు. అక్షరాలు నిండుగా లేచేంత గట్టిగా నొక్కితే లోహం పక్కలకు కూడా పారి కడియాన్ని తాకాలి. వ్యాసం 25 మిల్లీమీటర్లు వుండాలి. అక్షరాలు నిండుగా వుండి వ్యాసం మాత్రం తగ్గిందంటే, లోహం ముద్ర పడిన తరవాత అన్నివైపులనుంచీ సమంగా పోయింది. పైనా కిందా అంచులా ఒకేసారి కొరికేది ఏది? ఆమ్లం. భూతద్దంతో చూస్తే నాణెమంతా సన్నని గుంటలు. ఎవరో ఎక్కడో దాన్ని యాసిడ్‌లో పడేశారు.

ఆ రోజు నేను పిల్లల ముందు నిలబడి, ఇన్నాళ్ళూ తప్పు చెప్పానని ఒప్పుకున్నాను. అంతకుముందు ఆ నాణేన్ని నా దగ్గర చూసి వెళ్ళినవాళ్ళలో ఎంతమంది ఇప్పటికీ అది పొరపాటు నాణెమనే అనుకుంటున్నారో! అది తలచుకుంటే ఇప్పటికీ చిన్నతనంగానే వుంటుంది. నేను బరువు తూచాను గాని వ్యాసం కొలవలేదు. నా ఊహను బలపరిచే కొలత దొరకగానే ఆగిపోయాను. ఆ అమ్మాయి ఆగలేదు. అంతే తేడా.

రాగి సెంటు

"ఎలా?" అనే ప్రశ్న కొన్నిసార్లు ఎదురు తీర్పు కూడా చెప్పిస్తుంది. అమెరికాలో 1943లో యుద్ధం కోసం రాగి కావలసివచ్చి, ఒక సెంటు నాణేలను జింకు పూత పూసిన ఉక్కుతో చేశారు. 1947లో మసాచుసెట్స్ రాష్ట్రంలో 16 ఏళ్ళ కుర్రవాడొకడికి బడి భోజనశాలలో ఇచ్చిన చిల్లరలో రాగిరంగు 1943 సెంటు దొరికింది. 1943 సెంట్లన్నీ ఉక్కువేనని ప్రభుత్వ ఖజానా శాఖ జవాబిచ్చింది. కాని అంతకుముందరి కంచు బిళ్ళలు కొన్ని యంత్రాల తొట్టెల్లో మిగిలిపోయి, ఉక్కు బిళ్ళలతోబాటు ముద్ర పడి బయటికి వచ్చాయి. "ఎలా?" అనే ప్రశ్నకు అక్కడ జవాబు వుంది! అతను దాన్ని జీవితమంతా దాచుకున్నాడు. అతను పోయిన తరవాత, 2019 జనవరిలో, అది వేలంలో 2,04,000 డాలర్లకు పోయింది.

దీన్ని చూసి ఉక్కు సెంట్లకు రాగిపూత పూసి మోసం చేసినవాళ్ళూ వున్నారు. వాళ్ళను పట్టుకోవడానికి పెద్ద పరికరం అక్కర్లేదు. అయస్కాంతం చాలు. ఉక్కు అతుక్కుంటుంది, కంచు అతుక్కోదు. బరువు కూడా తేడాయే: ఉక్కుది 2.70 గ్రాములు, కంచుది 3.11 గ్రాములు.

"ఎంత?" అని అడిగేవాళ్ళకు

నిజమైన టంకశాల పొరపాట్లకు సేకరణదారులు ముఖవిలువకన్న ఎక్కువ ఇస్తారన్నది నిజమే. దాన్ని నేను కాదనను. ఐతే లక్షలు ఇస్తామని ప్రకటించి, ముందు రుసుము కట్టమనీ పన్ను కట్టమనీ అడిగేవాళ్ళు వేరు. పాత నోట్లు, నాణేలు కొంటామంటూ కొందరు రిజర్వు బ్యాంకు పేరూ గుర్తూ వాడుకుని డబ్బు వసూలు చేస్తున్నారనీ, అలాంటి వ్యవహారాలతో తనకు సంబంధమే లేదనీ ఆ బ్యాంకే 2021 ఆగస్టులో ప్రజలను హెచ్చరించింది. కొనేవాడు మనకు డబ్బివ్వాలి గాని, మన దగ్గర తీసుకోవడమేమిటి? ఈ ఒక్క ప్రశ్న అడిగినా ఎన్నో ఇళ్ళు మోసపోకుండా వుంటాయి. ఇంట్లో పెద్దవాళ్ళు ఆ ఫోను ఎత్తే ముందు మీరు ఈ మాట చెప్పగలగాలి.

నాణేన్ని చింతపండుతో తోమి మెరిపించాలని మాత్రం చూడకండి. చింతపండులోనూ ఆమ్లమే వుంది. మురికితోపాటు సాక్ష్యం కూడా పోతుంది. గోదావరి వంతెన మీద రైల్లోంచి నీటిలో వేసిన నాణెమైనా, ముడుపు మూటలో పసుపు పట్టిన నాణెమైనా, వాటి మీద వున్న మచ్చలే వాటి కథ. కథ చెరిపేసి కారణం వెతకడం కుదరదు.

మన బడులలో సైన్సు గదికి కొత్త పరికరాలు రావడం లేదని మేము ఉపాధ్యాయులం తరచు విచారిస్తూ వుంటాం. ఆ విచారం న్యాయమైనదే. కాని ఒక పళ్ళెంలో యాభై నాణేలు, ఒక భూతద్దం, ఒక అయస్కాంతం, ఒక వెర్నియరు, ఒక త్రాసు పెట్టడానికి ఏ బడికైనా ఏమంత ఖర్చు? నెలకొక గంట పిల్లలను వాటి ముందు కూర్చోబెట్టి, "ఇది ఎలా జరిగింది?" అని అడగాలని నా కోరిక. మీ సైన్సు మాస్టారిని మీరే అడిగి చూడండి.

ఈలోగా మీ బల్ల మీద పది నాణేలు ఎదురుచూస్తున్నాయి. ఒక్కొక్కదాని గురించీ నోటుపుస్తకంలో మూడు వరుసలు రాయండి: నేను చూసింది ఏమిటి, కొలిచింది ఏమిటి, ఇది కోతలోనా, గట్టులోనా, ముద్రలోనా, లేక బయటనా జరిగింది? పదింటికి పదీ "బయట" అని తేలినా నిరాశపడకండి. పది నాణేలకు పది కారణాలు చెప్పగలిగినవాళ్ళు మీ వీధిలో ఇంకెంతమంది వున్నారో లెక్కపెట్టుకోండి.